ఇరవై ఒకటి

సోమవారం పొద్దున పదిన్నరకి ప్రొఫెసర్ కళ్ళజోడు తీసి, రుమాలుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. కంప్యూటర్ తెర మీది బొమ్మ మారలేదు.

మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి స్నానం చేయించి, పక్క మార్చి, మందులిచ్చి వచ్చే ఒక చిన్న సేవాసంస్థ ఉంది. ఎవరికి ఎంత సాయం కావాలో తేల్చడానికి ఆ సంస్థ కోసం పన్నెండు ప్రశ్నల ఫారం తయారుచేసింది ఆవిడే. మనిషి ఎంత నిస్సహాయంగా ఉంటే అంత ఎక్కువ మార్కులు. సున్నా వస్తే అన్నీ తానే చేసుకోగలడని, ముప్ఫయ్యారు వస్తే ఏదీ చేసుకోలేడని అర్థం. ఎవరికెన్ని వచ్చాయో కడ్డీలుగా గీస్తే అవి కొండవాలులా మెల్లగా ఎక్కి మెల్లగా దిగాలి. ఈ సంస్థ పంపిన అంకెల్లో ఇరవై దగ్గర ఖాళీ. పక్కనే ఇరవై ఒకటి దగ్గర కడ్డీ కరెంటు స్తంభంలా నిలబడి ఉంది.

ఎందుకో చెప్పడానికి ప్రొఫెసరే అక్కర్లేదు. ఆ ఫారాన్ని సంక్షేమ కార్యాలయం నగరంలోని ముప్ఫై ఒక్క సంస్థలకీ తప్పనిసరి చేసింది. ఇరవై ఒకటీ ఆపైన వస్తే ఇంటికి రోజూ మనిషి వెళ్తుంది. ఇరవై వస్తే వారానికి రెండుసార్లే.

ఫైల్లో రెండో షీటు తెరిచింది. ఫారాలు నింపినవాళ్ళ నంబర్లు అందులో ఉంటాయి. పైనుంచి కిందికి వేలు పెట్టి చూసుకుంటూ పోయింది. ఏడో నంబరు. ఏడో నంబరు. మళ్ళీ ఏడో నంబరు. ఆ మనిషి చూసేవి పద్నాలుగు ఇళ్ళు. పదకొండింటికి సరిగ్గా ఇరవై ఒకటి. ఒకటి ఎక్కువా లేదు, ఒకటి తక్కువా లేదు.

"సిగ్గులేకపోతే సరి," అంది పైకే.

లెక్క తప్పితే ఆవిడకి కోపం రాదు. ఇది లెక్కనే తప్పించడం. ఒక్కొక్క ప్రశ్న కోసం ఎన్ని వందల ఇళ్ళ గుమ్మాల్లో నించుంది, ఎన్నిసార్లు కొట్టేసి రాసింది! రేపు ఇంకో ప్రొఫెసరెవరో ఈ బొమ్మ చూసి నవ్వితే సంస్థ పరువు పోతుంది, ఆవిడ పరువూ పోతుంది. ఉడుకు చల్లారకముందే కార్యాలయంలో డిప్యూటీ డైరెక్టరుకి నాలుగు వాక్యాలు రాసింది. ఒక కార్యకర్త నింపిన ఫారాల్లో తేడా కనిపిస్తోందని, విచారించి చెబుతానని. ఫైలు జతచేసి పంపేసింది. తరవాత సంస్థకి ఫోన్ చేసింది.

సంస్థ నడిపేది ఒకప్పుడు ఆస్పత్రిలో నర్సుగా చేసినావిడ. అందరికీ సిస్టరమ్మ.

"మీ ఏడో నంబరు ఎవరండీ?"

"చీమ," అంది సిస్టరమ్మ.

"ఆవిడతో మాట్లాడాలి. ఇవాళే."

"ఇవాళ కుదరదు ప్రొఫెసరు గారూ, ఇళ్ళల్లో ఉంది. రేపు ఏడింటికి రండి. దానితో పాటు ఒక్క పూట తిరగండి. ఆ తరవాత తిడుదురుగాని. తిట్లు ఎక్కడికీ పోవు."

*

సంస్థ ఆఫీసు టైర్ల షాపు మీద రెండు గదులు. మెట్ల దాకా రబ్బరు వాసన, మెట్లు ఎక్కాక ఫినాయిల్ వాసన. ఏడింటికే ఆడవాళ్ళంతా బల్ల చుట్టూ నిలబడి సంచులు సర్దుకుంటున్నారు. చేతితొడుగులు, దూది, పుండ్ల మందు, ఉతికిన దుప్పట్లు. చీమ అన్న పేరు ఎందుకొచ్చిందో చూడగానే తెలిసింది. ప్రొఫెసర్ భుజం దాకా కూడా రాదు, భుజాన సంచి మాత్రం తన సగమంత ఉంది. నలభై దాటి ఉంటాయి.

"నమస్తే మేడమ్. మీరు మెట్లు ఎక్కగలరా? మొదటి ఇల్లు నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు," అంది.

తప్పు చేసిన మనిషి మొహంలో ఉండాల్సింది ఏదీ ఆ మొహంలో లేదు. ప్రొఫెసర్ కోపం ఇంకో మెట్టెక్కింది.

నాలుగో అంతస్తులో ఉండేది కండక్టరమ్మ. ముప్ఫై ఏళ్ళు సిటీ బస్సులో టిక్కెట్లు కొట్టింది. పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. గొంతుకి మాత్రం ఏమీ కాలేదు. తాళం తీస్తుండగానే లోపల్నించి వినిపించింది.

"ఏమే చీమా, మూడు నిమిషాలు లేటు! ఎవరే నీ వెనకాల?"

"ప్రొఫెసర్ గారు. మన ఫారం ఆవిడదే."

"ఓహో. కూర్చోండమ్మా. ఆ కుర్చీ కాదు, దానికి ఒక కాలు నాలాంటిదే."

ప్రొఫెసర్ నవ్వలేదు. సంచిలోంచి కొత్త ఫారం తీసి, ఒళ్ళో అట్ట పెట్టుకుంది. చీమ ఏం రాసిందో కాదు, ఈ మనిషి ఏమంటుందో తన చెవులతో తనే వినాలి.

"మంచం మీంచి మీ అంతట మీరు లేవగలరా?"

"లేస్తాను."

"స్నానాలగదికి వెళ్ళగలరా?"

"మోసుకెళ్ళడానికి ఇక్కడెవరున్నారు? నేనే వెళ్తాను."

"బట్టలు మార్చుకోగలరా?"

"ముప్ఫై ఏళ్ళు పొద్దున నాలుగున్నరకి యూనిఫాం వేసుకుని డ్యూటీకెళ్ళిన మనిషినమ్మా నేను."

పన్నెండు ప్రశ్నలూ అయ్యాయి. ప్రొఫెసర్ కూడింది. తొమ్మిది. తలెత్తి చీమ వైపు చూసింది. చీమ కిటికీ దగ్గర దుప్పటి దులుపుతోంది. ఆ చూపు అందినా దులపడం ఆపలేదు.

అప్పుడు ప్రొఫెసర్ తర్వాత చాలా రోజులు తల్చుకుని తల్చుకుని సిగ్గుపడ్డ మాట అనేసింది.

"ఒక్కసారి లేచి చూపిస్తారా?"

చీమ దుప్పటి వదిలేసి గబుక్కున రెండడుగులు వేసింది. కండక్టరమ్మ కుడిచెయ్యి ఎత్తి ఆపింది. "ఉండవే. చూడనీ."

కుడిచేత్తో మంచం ఊచ పట్టుకుంది. పడిపోయిన కాలిని మంచి కాలితో కొక్కెం వేసినట్టు పట్టి అంచు దాకా లాగింది. ఊపిరి తీసుకుంది. భుజం లేచింది, తల లేచింది, నడుం లేవలేదు. మళ్ళీ పడింది. నుదుటి మీద చెమట బొట్లు బొట్లుగా పట్టింది. ప్రొఫెసర్ చేతిగడియారం కేసి చూసింది, అలవాటు అది. నాలుగు నిమిషాలు. తొమ్మిది. "ఇంక చాలండీ," అంది. కండక్టరమ్మ వినలేదు. పదహారో నిమిషానికి కాళ్ళు నేలకి తగిలాయి. కూర్చుంది. కూర్చున్న చోట దుప్పటి మీద తడి మెల్లగా పాకుతూ వచ్చింది.

"లేచానా?" అంది కండక్టరమ్మ. "చూశావుగా. రాసుకో. టిక్కెట్టు లేకుండా దొరికినవాణ్ణి కూడా పదిమందిలో నేనిలా నిలబెట్టలేదమ్మా."

చీమ ప్రొఫెసర్‌కి వీపు చూపించి అడ్డంగా నిలబడింది, తెర వేసినట్టు. "మేడమ్, కాస్త బకెట్‌లో వేడినీళ్ళు పట్టుకురండి," అంది. పని ఒకటి చేతికి అందినందుకు ప్రొఫెసర్ పరిగెత్తినట్టే వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి కండక్టరమ్మ పక్కకి తిరిగి పడుకుని ఉంది. నడుం కింద అడ్డంగా పరిచిన మడత దుప్పటిని చీమ రెండు చేతులా దగ్గరికి చుట్టి, మోకాలు మంచానికి ఆనించి, లాగింది. తన కంటే రెట్టింపు బరువున్న మనిషి తెడ్డు తగిలిన పడవలా మెత్తగా తిరిగింది. వెన్ను చివర కోటు గుండీ అంత పుండు. మానుతోంది, అంచుల్లో కొత్త చర్మం గులాబీరంగులో ఉంది. చీమ దాని చుట్టూ తడిని దూదితో అద్ది తీసింది. దాన్ని మాత్రం ముట్టుకోలేదు.

*

మెట్లు దిగుతూ మూడో అంతస్తు మలుపులో ప్రొఫెసర్ ఆగింది.

"ఇరవై ఒకటని ఎలా రాశావమ్మా? తొమ్మిది కదా వచ్చేది."

"మొదటి మూడు నెలలూ తొమ్మిదే రాశానండి. ఏం చెబితే అదే రాయాలన్నారు కదా ట్రైనింగులో. రాశాను. అప్పటిదాకా రోజూ వెళ్ళేదాన్ని, వారానికి రెండురోజులు చేశారు. మంగళవారం, శనివారం. శనివారం తిప్పిన మనిషిని మళ్ళీ మంగళవారం తిప్పాలి. మూడు రోజులు అదే పక్క మీద, అదే తడిలో." సంచి ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంది. "ఆ పుండు అప్పటిదండి. ఇప్పుడు గుండీ అంత చూశారు. నేను పిడికిలంత చూశాను."

"మరి నాకు చెప్పాలి కదా! సిస్టరమ్మకి చెప్పాలి కదా!"

"చెప్పామండి. ఆవిడ సంక్షేమ కార్యాలయానికి మూడు ఉత్తరాలు రాశారు. ఫారంలో తొమ్మిదుంది, ఫారం ప్రొఫెసరు గారు చేసింది, శాస్త్రీయమైంది అన్నారట."

శాస్త్రీయమైంది. ఆ మాట ప్రొఫెసర్ చెంప మీద తగిలింది.

"సరే. అబద్ధం రాయాలనుకున్నావు. ముప్ఫయ్యే రాయొచ్చుగా? పదకొండు మందికీ ఇరవై ఒకటే ఎందుకు? ఎవరు చూసినా దొరికిపోతావు కదా."

చీమ ఆవిడ వైపు వింతగా చూసింది, ఇంత చదువుకున్న మనిషి ఇదేం ప్రశ్న అన్నట్టు.

"రోజూ వెళ్ళడానికి ఇరవై ఒకటి చాలు కదండీ. అంతకంటే ఎక్కువ రాస్తే దొంగతనం కాదూ?"

*

ఆ సాయంత్రం ప్రొఫెసర్ వంటింట్లో గిన్నెల మీద కోపం తీర్చుకుంటుంటే భర్త వచ్చి తువ్వాలు అందుకుని పక్కన నిలబడ్డాడు. ఆయనది కళ్ళద్దాల దుకాణం. ఆవిడ చెప్పిందంతా విన్నాడు.

"ఇరవై ఒకటి అని గీత గీసింది నువ్వేనా?"

"నేను గీయలేదండీ! నా రిపోర్టులో ఎక్కడో నలభయ్యో పేజీలో ఒక్క వాక్యం. ఇరవై దాటినవాళ్ళకి రోజూ సాయం అవసరం కావచ్చు అని. కావచ్చు అన్నాను. దాని కిందే, దీన్ని మాత్రమే చూసి ఎవరికీ సాయం తగ్గించకూడదని కూడా రాశాను."

"కావచ్చు అని రాసిన కాగితం ఆఫీసుకెళ్తే కావలెను అయి తిరిగొస్తుందే," అన్నాడాయన గ్లాసు తుడుస్తూ. "అది సరే, వాళ్ళు గీత గీశారని నీకెప్పుడు తెలిసింది?"

ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది.

"గీసినప్పుడే తెలుసు," అంది. "మన ఫారం ముప్ఫై ఒక్క సంస్థలకి వెళ్తోందని సంబరపడ్డాను."

*

బుధవారం క్లాసు రద్దుచేసుకుని మళ్ళీ టైర్ల షాపు మీదికి వెళ్ళింది. "అసలు కాగితాలు చూపించండి. కంప్యూటర్లోకి ఎక్కించకముందు నింపినవి," అంది.

సిస్టరమ్మ ఇనప బీరువా తెరిచి నాలుగు కట్టలు బల్ల మీద పడేసింది. "మూడు నెలలకోసారి మీకు అంకెలు పంపుతూనే ఉన్నాం. కాగితాలు కావాలని మీరెప్పుడూ అడగలేదు," అంది. నిష్ఠూరంగా కాదు, మామూలుగానే. అందుకే ఎక్కువ తగిలింది.

కట్టలు విప్పింది. ప్రతి ఫారానికీ అంచుల్లో రాతలు. పెన్సిలుతో, పెన్నుతో, అడ్డంగా, నిలువుగా, చోటు చాలక వెనకవైపు కూడా. చీమవే కాదు, అందరివీ.

"లేస్తానంటాడు. దుప్పటి తడి."

"వండుకుంటానంది. పొయ్యి మీద బూజు ఉంది."

"అన్నిటికీ అవునంటోంది. కూతురు పక్కనుంది, అందుకని."

"మందులు తానే వేసుకుంటాడట. సీసా మూత తిప్పమంటే తిప్పలేకపోయాడు. ఏడ్చాడు. నేను చూడనట్టు ఉన్నాను."

కంప్యూటర్లో వీటికి గడి లేదు. గడులు గీసింది ఆవిడే. పన్నెండు ప్రశ్నలకి పన్నెండు, మొత్తానికి ఒకటి. ఈ ఆడవాళ్ళు ఇన్ని నెలలుగా ఆవిడకి ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు. ఆవిడ కవర్లు లెక్కపెట్టుకుంది కానీ ఒక్కటీ విప్పలేదు.

ఒక ఫారం దగ్గర చెయ్యి ఆగింది. వడ్రంగి, డెబ్భై ఒక్క ఏళ్ళు. పద్నాలుగు మార్కులు. అంచులో, "బాగానే ఉన్నానంటాడు. కళ్ళు తిరుగుతున్నట్టున్నాయి, గోడ పట్టుకున్నాడు." కింద ఎర్ర సిరాతో, "కేసు ముగిసింది."

"ఈయనకి తగ్గిపోయిందా?"

సిస్టరమ్మ దుప్పటి మడతపెట్టడం ఆపింది. "శనివారం మా మనిషి వెళ్ళొచ్చింది. ఆదివారం పడిపోయాడట. మళ్ళీ మంగళవారం తలుపు తీసేదాకా నేల మీదే ఉన్నాడు. ఆస్పత్రిలో రెండు రోజులు బతికాడు. ఆ ఫారం రాసిన పిల్ల ఉన్నదున్నట్టు నిజాయితీగా రాసింది ప్రొఫెసరు గారూ. ఇప్పుడు ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుంది."

కిందటి రిపోర్టులో ప్రొఫెసరే ఒక వాక్యం రాసింది. "ముగిసిన కేసుల సంఖ్య పెరగడం సేవల సామర్థ్యాన్ని సూచిస్తోంది." ఆ వాక్యం కింద కార్యాలయం వాళ్ళు ఆకుపచ్చ గీత కూడా గీసి పంపారు, బాగుందని.

ఆవిడ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. కింద ఎవరో టైరుని సుత్తితో బాదుతున్నారు. ఆ చప్పుడు ఆగేదాకా అక్కడే నిలబడింది. తిరిగొచ్చాక, సాయంత్రం దాకా కూర్చుని, అంచుల్లో రాతలన్నీ ఒక్కటి కూడా వదలకుండా చేత్తో ఎత్తిరాసుకుంది.

*

గురువారం డిప్యూటీ డైరెక్టరు ఆవిడని చాలా మర్యాదగా కూర్చోబెట్టాడు. గాజు బల్ల, దాని మీద ఒక్క కాగితం కూడా లేదు. యాభై ఏళ్ళ మనిషి, మెత్తని గొంతు.

"మీ ఉత్తరం చూశాం మేడమ్. ఇంత నిక్కచ్చిగా ఉండేవాళ్ళు అరుదు."

"ఆ ఉత్తరం వెనక్కి తీసుకోడానికొచ్చాను," అంది. "తప్పు కార్యకర్తది కాదు. ఫారానిది. లేవగలరా అని అడిగితే, ఆత్మగౌరవం ఉన్న మనిషెవరైనా లేస్తాననే అంటారు. అది అవసరాన్ని కొలవడం లేదు, అభిమానాన్ని కొలుస్తోంది. ఎంత అభిమానం ఉంటే అంత సాయం కోసేస్తోంది. మీరు గీసిన గీత ఆపెయ్యండి. ఫారాన్ని నేను ఉపసంహరించుకుంటున్నాను, రాతపూర్వకంగా."

చేత్తో రాసిన కాగితాల కట్ట బల్ల మీద పెట్టింది. ఆయన దాన్ని చూశాడు గానీ ముట్టుకోలేదు.

"ఫారం ఇప్పుడు కార్యాలయానిది మేడమ్. ఒప్పందంలో ఉంది. కావాలంటే మీ పేరు తీసేస్తాం."

"సరే. ఆ కార్యకర్త ఎవరో మాత్రం నేను చెప్పను. ఏం చేసుకుంటారో చేసుకోండి."

ఆయన కాస్త ఇబ్బందిగా కదిలాడు. "చెప్పక్కర్లేదండీ. మీరు పంపిన ఫైల్లో, రెండో షీటులో నంబర్లున్నాయి కదా. ఏడో నంబరు. ఇవాళ పొద్దునే సస్పెన్షను ఉత్తర్వు వెళ్ళింది."

ప్రొఫెసర్ ఆవేశంలో ఎంత ధైర్యంగా అంది, చెప్పనని! చెప్పేసి మూడు రోజులైంది.

"ఆ పదకొండు ఇళ్ళూ నేను మళ్ళీ చూస్తాను," అంది. "అడగను. కూర్చుని, చూసి, మార్కులు వేస్తాను. మీ మనిషిని నా పక్కన పంపండి. విడిగా వెయ్యమనండి. ఏ ఒక్కరికైనా ఇరవై ఒకటి కంటే తక్కువొస్తే ఆవిడ దోషే, నేను నోరెత్తను. ఎక్కువొస్తే ఉత్తర్వు చింపెయ్యండి."

ఆయన ఆలోచించాడు. "చూడటానికి అభ్యంతరం లేదు," అన్నాడు.

*

శుక్ర, శనివారాలు రెండు రోజులూ తిరిగారు. కార్యాలయం పంపిన ఇన్‌స్పెక్టరమ్మ మొదటి ఇంట్లో గుమ్మం దగ్గరే నిలబడింది, చెప్పులు తడుస్తాయని. మూడో ఇంట్లో చెప్పులు విప్పింది. అయిదో ఇంట్లో, వేళ్ళు ముడుచుకుపోయిన ఒక ముసలాయన చెంచా నోటి దాకా తీసుకెళ్ళడానికి పడే పాటు చూసి, తన అట్ట కింద పెట్టేసి, ఆయనకి తానే తినిపించింది. బయటికొచ్చాక, "మేడమ్, తినిపించాక మార్కులు ఎలా వెయ్యాలి?" అని అడిగింది. ప్రొఫెసర్‌కి ఆ రెండు రోజుల్లో మొదటిసారి నవ్వొచ్చింది.

శనివారం సాయంత్రం టైర్ల షాపు మీద ఇద్దరి ఫారాలూ పక్కపక్కన పెట్టారు. పదకొండు మందిలో ఒక్కరికీ ఇరవై ఒకటి రాలేదు. కండక్టరమ్మకి ఇరవై ఎనిమిది. ముసలాయనకి ముప్ఫై ఒకటి. అందరికన్నా తక్కువ వచ్చినావిడకి ఇరవై నాలుగు.

"చీమ తక్కువ రాసింది," అంది ఇన్‌స్పెక్టరమ్మ.

సిస్టరమ్మ టీ పోసి ముగ్గురి ముందూ పెట్టింది.

సోమవారం పదకొండింటికి డిప్యూటీ డైరెక్టరు జవాబు వచ్చింది. ప్రొఫెసర్ నిలబడే చదివింది. పదకొండు మందికీ రోజూ సేవలు కొనసాగుతాయి. గీత సంగతి తర్వాతి సమీక్షలో పరిశీలిస్తారు. ఇక ఏడో నంబరు కార్యకర్త గురించి, "పునఃపరిశీలనలో వచ్చిన మార్కులకీ ఆమె వేసిన మార్కులకీ ఏ ఒక్క కేసులోనూ పొంతన లేదు. కనుక ఆమె తప్పుడు వివరాలు నమోదు చేసినట్టు రుజువైంది. సస్పెన్షను మూడు నెలలు అమలులో ఉంటుంది."

రెండోసారి చదివింది. అక్షరాలు అవే. ఫోన్ చేస్తే ఆయన అదే మెత్తని గొంతుతో అన్నాడు, "నిజం ఇరవై ఎనిమిదైనప్పుడు ఇరవై ఒకటి కూడా అబద్ధమే కదా మేడమ్. రూలు రూలే."

"మీ రూలు మొహాన..." అని ఆగింది. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఆవిడ ఒక్కరితోనూ అలా మాట్లాడలేదు. ఫోన్ పెట్టేసి, కూర్చుని, ముప్ఫై ఒక్క సంస్థలకీ ఒకే ఉత్తరం రాసింది. ఫారం పనికిరాదని, చేసింది తానేనని, వడ్రంగి ఎలా పోయాడో, తాను దాన్ని సామర్థ్యం అని ఎలా రాసిందో, ఏదీ దాచకుండా. చివర, "మీ కార్యకర్తలు అంచుల్లో రాసినవి నాకు పంపండి," అని. సాయంత్రానికి తొమ్మిది జవాబులొచ్చాయి. ఒకదాంట్లో పేరు లేదు, ఒక్క వాక్యమే ఉంది. "మా దగ్గరా ఇరవై ఒకట్లు ఉన్నాయండి, మమ్మల్ని పట్టించకండి."

సంస్థకి వెళ్ళేసరికి చీమ అక్కడే ఉంది. ఇళ్ళకి వెళ్ళకూడదన్నారు గాని ఆఫీసుకి రాకూడదని అనలేదని, దుప్పట్లు ఉతుకుతోంది.

"నా వల్లే జరిగింది," అంది ప్రొఫెసర్. "నంబరు పంపింది నేనే. ఏమనాలనుందో అను."

చీమ దుప్పటి పిండుతూనే ఉంది. చాలాసేపు పిండింది, నీళ్ళు రావడం ఆగిపోయాక కూడా. "అనడానికేముంది మేడమ్. అంటే నా మూడు నెలలు తిరిగొస్తాయా?" అంది. "నా ఇళ్ళు తలా రెండు పంచుకున్నారు. కండక్టరమ్మకే ఎవరూ కుదరడం లేదు, నాలుగంతస్తులని. అది చూడండి ముందు."

"నేను వెళ్తాను."

చీమ ఆవిడని పైనుంచి కింది దాకా చూసింది. తర్వాత చేతులు తుడుచుకుని, "సిస్టరమ్మా, కాస్త బల్ల మీద పడుకోండి," అంది. సిస్టరమ్మని బల్ల మీద పడుకోబెట్టి, కింద దుప్పటి పరిచి, ప్రొఫెసర్ చేత తిప్పించింది. పన్నెండుసార్లు. "చేతుల్తో కాదు మేడమ్, మోకాళ్ళతో. ఇంకోసారి. అబ్బ, మూట కాదండీ, మనిషి." సిస్టరమ్మ పైకి చూస్తూ, "నేను ఉన్నపళంగా రిటైరవుతాను," అంది. చీమ నవ్వలేదు. ఒక్కసారి కూడా నవ్వలేదు.

*

మంగళవారం ఏడూ ఇరవైకి ప్రొఫెసర్ నాలుగో అంతస్తు చేరి, ఊపిరి అందేదాకా గోడకి ఆనుకుని, తాళం తీసింది.

"ఇవాళా చీమ కాదా? రోజుకొకర్ని పంపుతున్నారు, అదేమైందో ఎవరూ చెప్పరేం?" అంది కండక్టరమ్మ.

చెప్పింది. ఫైలు, నంబరు, ఉత్తర్వు, ఇరవై ఎనిమిది. చుట్టూ తిప్పకుండా చెప్పింది.

కండక్టరమ్మ గోడ వైపు మొహం తిప్పుకుంది. "పో," అంది. "నీ చెయ్యి నా ఒంటి మీద పడటానికి వీల్లేదు. పో."

ప్రొఫెసర్ పోలేదు. విరిగిన కాలున్న కుర్చీలో జాగ్రత్తగా కూర్చుంది. కింద బస్సులు వెళ్తున్న చప్పుడు. గదిలో తడి దుప్పటి వాసన. పావుగంట గడిచింది. ఈసారి ఆవిడ గడియారం చూడలేదు.

"దాని ఉద్యోగం తిరిగొస్తుందా?" అంది కండక్టరమ్మ గోడతో.

"అప్పీలు రాశాను. వచ్చేదాకా రాస్తూనే ఉంటాను. వస్తుందో లేదో తెలీదండీ."

"తెలీదు," అంది కండక్టరమ్మ. ఆ మాటని నోట్లో వేసుకుని రుచి చూసినట్టు అంది. తర్వాత చాలాసేపటికి, "కిటికీ మూసెయ్యి. చేతులు వేడినీళ్ళతో కడుక్కునిరా. చల్లటి చేతులు నాకు పడవు," అంది.

కడుక్కుని వచ్చింది. తొడుగులు వేసుకుంది. దుప్పటి అంచులు రెండూ దగ్గరికి చుట్టి, మోకాళ్ళు మంచానికి ఆనించి, మెల్లగా లాగింది. బరువు కదిలింది. సగం తిరిగింది.

"నొప్పిగా ఉందా?"

"లేదు."

కండక్టరమ్మ కుడిచెయ్యి మంచం ఊచని పట్టుకుని ఉంది. వేళ్ళ కణుపులు తెల్లగా పాలిపోయాయి.

ప్రొఫెసర్ ఆగిపోయింది. దుప్పటి బిగువు వదల్లేదు, ముందుకీ లాగలేదు.

"ఏం, ఆగావేం? లేదన్నానుగా."

"విన్నానండి," అంది ప్రొఫెసర్, కదలకుండా.

చేతులు వణకడం మొదలెట్టాయి. మోకాళ్ళు ఒత్తుకుంటున్నాయి. అలాగే పట్టుకుని నిలబడింది. కింద ఇంకో బస్సు వచ్చి, ఆగి, వెళ్ళిపోయింది. ఊచ మీద వేళ్ళు ఒకటొకటిగా వదులయ్యాయి.

"ఊఁ," అంది కండక్టరమ్మ. "ఇప్పుడు తిప్పు."